మేస్త్రీ గారబ్బాయి

2025 జులైలో ఒక శనివారం మధ్యాహ్నం మా కారు సెంట్రల్ ఎక్స్‌ప్రెస్ వే మీద మొండికేసింది.

నడుపుతున్నది మా అమ్మాయి. పదహారేళ్ళ పిల్ల, చేతిలో ఉన్నది లెర్నర్ లైసెన్సు. పక్క సీట్లో నేను, వెనక సీట్లో మా నాన్న. కూరగాయలకని ప్లేనో నుంచి రిచర్డ్‌సన్ వెళ్తున్నాం. డాలస్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళు రెంటచింతలని మే నెలలో తలుచుకుంటే చాలు. ఉన్నట్టుండి కారు ఎక్కిళ్ళు వచ్చినట్టు రెండు కుదుపులు కుదిపింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నకొద్దీ స్పీడు పెరగాల్సింది పోయి తగ్గడం మొదలైంది. వెనకనుంచి ఓ పెద్ద పికప్ ట్రక్కు హారన్ కొడుతూ మీదమీదకి వస్తోంది.

"డాడీ, ఇట్స్ నాట్ గోయింగ్..." పిల్ల గొంతు సన్నబడిపోయింది.

"ఏం కాదు. సిగ్నల్ వేసి మెల్లగా కుడి పక్కకి తియ్యి," అన్నాను, నా భయం నేను మింగుకుంటూ.

ఎలాగో ఎగ్జిట్ తీసుకుని, సర్వీస్ రోడ్డు పక్కనున్న ఓ పార్కింగ్ లాట్‌లోకి తెచ్చి ఆపింది. అంతే, మళ్ళీ స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే ఇంజిను గరగరమని తిరుగుతుంది గానీ అందుకోదు. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా ఇంజిన్ బొమ్మ వెలుగుతోంది. పిల్ల స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు వణుకుతున్నాయి.

మా నాన్న అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగి ముందుకి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసి, "చల్లారనీ. అదే లేస్తుంది," అన్నాడు.

ఇరవై అయిదు నిమిషాలకి అదే లేచింది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడకపోవడానికి కారణం ఇంకొకటుంది. ఆ కారుని అప్పటికి పది రోజుల క్రితమే బాగుచేయించాను. ఇదే జబ్బు. మా ఇంటి దగ్గర్లో ఉన్న ఒక రిపేర్ షాపుకి తీసుకెళితే, కంప్యూటర్ తగిలించి, "క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ పోయింది" అని కొత్తది వేసి నాలుగొందల అరవై డాలర్లు తీసుకున్నారు. ఇప్పుడు మళ్ళీ తీసుకెళితే మళ్ళీ కంప్యూటర్ తగిలించి, "అదే కోడ్ వస్తోంది. అయితే టైమింగ్ చెయిన్ సాగి ఉంటుంది. విప్పాలి. రెండు వేల మూడొందలు అవుతుంది," అన్నారు.

ఇంకో రోజుల్లో అయితే కార్డు గీకేసి ఇంటికొచ్చేవాణ్ణి. కానీ జూన్ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోయింది. క్లయింటు రెన్యూ చెయ్యలేదు. ఎనిమిది మంది చేసే పని ఇప్పుడు ఏఐ పుణ్యమా అని ముగ్గురితో అయిపోతుందట. మిగతా అయిదుగురిలో నేనొకణ్ణి. నలభై ఆరేళ్ళ వయసులో, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ డిగ్రీ గోడకి వేలాడుతుండగా, రెండు వేల మూడొందలకి ఆలోచించాల్సి వచ్చింది.

"రేపు ఆదివారమేగా. నేనో మాటు చూడనా?" అన్నాడు మా నాన్న, రాత్రి భోజనాల దగ్గర. అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా.

ఆ 'చూడనా' అన్న మాట దగ్గర నేనొక విషయం ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాయడం అనవసరం.

మా నాన్న మెకానిక్. బెజవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి బిగించే మేస్త్రీ. ఆసియాలోకెల్లా పెద్దదని బెజవాడ వాళ్ళం గొప్పగా చెప్పుకునే ఆ ఆటోనగర్‌లో, నాలుగు స్తంభాల మీద రేకుల కప్పు వేసిన షెడ్డు ఆయనది. టాటా వాళ్ళు 1954 నుంచి 1969 దాకా మెర్సిడెస్ బెంజితో కలిసి లారీలు చేశారు. ఆ పొత్తు పోయి ఎన్నేళ్ళయినా మావైపు జనానికి టాటా లారీ అంటే 'బెంజి లారీ'యే. ఆ బెంజి ఇంజిన్ చప్పుడు విని, ఏ సిలిండర్ పని చెయ్యట్లేదో షెడ్డు బయట నిలబడే చెప్పేవాడని డ్రైవర్లు చెప్పుకునేవారు.

నేను మాత్రం చెప్పుకోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో 'మా నాన్నకి వర్క్‌షాప్ ఉంది' అనేవాణ్ణి. పెళ్ళిసంబంధాల వేళ అది 'ఆటోమొబైల్ బిజినెస్' అయింది. 2002లో ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా వచ్చాక ఇంకా పొట్టిదై 'ఆటోమొబైల్ ఫీల్డ్' అయింది.

అమ్మ పోయిన తర్వాత, 2025 ఏప్రిల్‌లో, నాన్నని ఇక్కడికి తీసుకొచ్చాం. జూన్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో పాట్‌లక్‌కి వెళ్ళాం. ఎవరో మర్యాదకి, "అంకుల్, మీరేం చేసేవారండీ?" అనడిగారు. మా నాన్న నోరు తెరిచేలోపే, "ఆటోమొబైల్ ఫీల్డ్‌లో ఉండేవారండీ, రిటైరయ్యారు," అని నేనే అనేశాను. ఆయన నాకేసి చూడలేదు. చేతిలో ఉన్న ప్లేటుకేసి చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ, "టిక్కెట్టు కాస్త ముందుకి జరపడానికి వీలవుతుందేమో చూడరా," అన్నాడు. "ఏం నాన్నా?" అంటే "ఏం లేదు, ఇక్కడ తోచట్లేదు," అన్నాడు.

నేను చూస్తానన్నాను. చూడలేదు. దాని గురించి మళ్ళీ ఎవరమూ ఎత్తలేదు.

ఇప్పుడు కారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇది మీకు కూడా ఎదురుకావచ్చు.

అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మే ప్రతి పెట్రోలు కారుకీ స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఓబీడీ టూ అంటారు. ఇరవై, ముప్ఫై డాలర్లకి దొరికే చిన్న రీడర్ దానికి తగిలిస్తే, ఇంజిన్ బొమ్మ ఎందుకు వెలిగిందో కోడ్ చెబుతుంది. మా కారు చెప్పిన కోడ్ పి0340. 'పి' అంటే పవర్‌ట్రెయిన్, ఇంజినూ గేర్లూ వగైరా. పక్కనున్న సున్నా అంటే అన్ని కంపెనీలకీ ఉమ్మడి కోడ్ అని. మూడు అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ల శాఖ. మిగతాది ఆ శాఖలో వరస నంబరు. కోడ్ ఎదురుగా ఉన్న వివరణ మాత్రం అక్షరం అక్షరం చదవాలి: 'క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్'. సెన్సర్ పోయిందని అక్కడ ఎక్కడా లేదు. సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉంది అని మాత్రమే ఉంది. సర్క్యూట్ అంటే సెన్సరు, దాని కనెక్టరు, అక్కడినుంచి కంప్యూటర్ దాకా వెళ్ళే వైర్లు, కంప్యూటరు, అన్నీ.

ఇది నాకు తెలియాలి. నా ఉద్యోగమే అది. ఇరవయ్యేళ్ళుగా లాగ్ ఫైళ్ళు చదువుతున్నాను. ప్రోగ్రాం ఏ లైన్ దగ్గర చచ్చిపోయిందో లాగ్ చెబుతుంది గానీ, తప్పు ఆ లైన్లోనే ఉందని చెప్పదు. ఆ లైన్ని మాత్రం మార్చేసి ఇంటికెళ్ళిపోయే జూనియర్లని ఎన్నిసార్లు కోప్పడ్డానో! అలాంటివాణ్ణి, నా కారు దగ్గరికి వచ్చేసరికి 'సెన్సర్' అన్న మాట కనపడగానే సెన్సర్‌కి డబ్బులు కట్టి వచ్చేశాను. షాపు వాళ్ళు మోసం చేశారని అనను. వాళ్ళు కోడ్ చూసి పార్ట్ మార్చారు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా.

ఆదివారం పొద్దున్న ఆరింటికే, ఎండ రాకముందే, గరాజ్ తలుపు ఎత్తి కారు బానెట్ తెరిచాం. నాన్న లుంగీ మీద పాత చొక్కా వేసుకుని వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. కుడి చెయ్యి కొన్నాళ్ళుగా కొంచెం వణుకుతోంది. బానెట్ కింద మొత్తం నల్ల ప్లాస్టిక్ కవర్లతో కప్పేసి ఉంది. చూసి, "ఇంజిన్‌కి ముసుగేశారేంట్రా, పెళ్ళికూతురిలాగా!" అన్నాడు. వచ్చిన మూడు నెలల్లో ఆయన వేసిన మొదటి జోకు అది.

"ముందు ఇది ఏం పని చేస్తుందో చెప్పు," అన్నాడు.

చెప్పాను. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది...

"అది నాకు చెబుతావేంట్రా!" అన్నాడు నవ్వి. "క్రాంక్‌ని చూస్తే పిస్టన్ పైకొచ్చిందని తెలుస్తుంది. నొక్కుతా వచ్చిందో, పొగ తోస్తా వచ్చిందో తెలీదు. అది తెలియాలంటే క్యామ్‌ని చూడాలి. మేం వాల్వులు చూసి పట్టుకునేవాళ్ళం. నేనడిగింది ఈ సెన్సర్ సంగతి."

అంటే నేను ఇంటర్నెట్‌లో రాత్రంతా చదివి అర్థం చేసుకున్నది ఆయనకి చేతి వేళ్ళలో ఉంది. నాలుగు స్ట్రోకులు, క్రాంక్‌కి ఏడొందల ఇరవై డిగ్రీలు. పైకొచ్చిన పిస్టన్ కంప్రెషన్‌లో ఉందా, ఎగ్జాస్ట్‌లో ఉందా అన్నది క్రాంక్ సెన్సర్ ఒక్కటే చెప్పలేదు. క్యామ్ సెన్సర్ ఆ రెండో సగం చెబుతుంది. అది చెప్పకపోతే ఏ సిలిండర్‌కి ఎప్పుడు పెట్రోలు కొట్టాలో కంప్యూటర్‌కి సరిగ్గా తెలియదు. కొన్ని కార్లు క్రాంక్ ఒక్కదానితో ఎలాగో నెట్టుకొస్తాయి. కొన్ని స్టార్టే కావు. మాది పరుగులో ఉంటే కుంటుతుంది, ఆపితే లేవదు.

సెన్సర్ సంగతి మాత్రం నేను చెప్పాను. అదొక బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. క్యామ్‌షాఫ్ట్ చివర పళ్ళున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది. పన్ను దీని ముందునుంచి పోయినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారుతుంది, లోపలి చిప్ అది గమనించి ఒక పల్స్ పంపుతుంది. ఎడ్విన్ హాల్ అనే ఆయన 1879లో కనిపెట్టిన సూత్రం ఇది. అందుకే హాల్ సెన్సర్ అంటారు. మా కారులో దానికి మూడు వైర్లు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, మూడోది కంప్యూటర్ నుంచి వచ్చే అయిదు వోల్టుల సిగ్నల్ వైరు. పన్ను వచ్చినప్పుడల్లా సెన్సర్ ఆ అయిదుని సున్నాకి దించుతుంది. కంప్యూటర్ ఆ అయిదూ సున్నాలని లెక్కపెట్టుకుంటుంది.

"అయితే బల్బొకటి తే. రెండు వైర్లు తగిలించి చూద్దాం," అన్నాడు.

"బల్బు వద్దు నాన్నా. బల్బు లాగే కరెంటుకి కంప్యూటర్ దెబ్బతినొచ్చు. ఇది పెట్టి చూడాలి," అని డిజిటల్ మీటర్ చూపించాను.

ఆయన కాసేపు ఆ మీటర్‌ని చూసి, "అందుకే మూసేశాను షెడ్డు," అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. 2013లో మూసేశాడు. కొత్త లారీల్లో కంప్యూటర్లు వచ్చాక, స్కానర్ పెడితే గానీ బండి నోరు విప్పదని, స్కానర్ ఉన్నవాడి దగ్గరికే డ్రైవర్లు పోతున్నారని. ఆ మాట అప్పట్లో ఫోన్లో చెప్పినప్పుడు, 'మంచిదే నాన్నా, రెస్ట్ తీసుకో' అన్నాను నేను. ఆయన పని తీసుకున్నది నాలాంటి వాళ్ళు రాసిన ప్రోగ్రాములేనని నాకు తట్టలేదు. ఇప్పుడు, కాంట్రాక్టు పోయిన రెండో వారంలో, గరాజ్‌లో నిలబడి ఉంటే తట్టింది.

మొదట కనెక్టర్ ఊడదీశాం. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, మూడు పిన్నులూ చూశాను. కరెంటు వస్తోంది. ఎర్త్ బాగుంది. సిగ్నల్ వైర్ మీద 4.9 వోల్టులు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. నా మొహం వాడిపోయింది. "అన్నీ బానే ఉన్నాయి నాన్నా. అయితే టైమింగ్ చెయినేనేమో."

"చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటుంది. నిన్న కూడా చల్లారాక లేచింది కదా. జొరం వచ్చినప్పుడు చూడాలి జొరాన్ని," అన్నాడు. "వేడిచెయ్యి. చెయిన్ సాగితే చల్లారగానే పొట్టిదైపోతుందా?"

ఎంత చిన్న ప్రశ్న! చెయిన్ సాగితే రోజంతా సాగే ఉంటుంది. వేడెక్కితే చెడి, చల్లారితే బాగుపడేది సాధారణంగా కరెంటు జబ్బు. పైగా క్యామూ క్రాంకూ తాళం తప్పితే దానికి పి0016 అని వేరే కోడ్ ఉంది. అది మాకు రాలేదు. రెండు వేల మూడొందల డాలర్లు ఆ ఒక్క ప్రశ్నలో మిగిలాయి.

లోపలికి వెళ్ళి మా అమ్మాయి హెయిర్ డ్రయర్ తెచ్చాను. వెనకాలే అదీ కళ్ళు నులుముకుంటూ వచ్చి, "తాతయ్యా, వాట్ ఆర్ యూ డూయింగ్ టు మై డ్రయర్?" అంది. మా ఆవిడ కాఫీలు పట్టుకుని వచ్చి, "మావయ్యగారూ, కాస్త కూర్చుని చెయ్యండి," అని కుర్చీ వేసి వెళ్ళింది. ఆయన కూర్చోలేదు.

కనెక్టర్ మళ్ళీ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, కొత్త సెన్సర్ మీద అయిదు నిమిషాలు వేడిగాలి కొట్టాం. ఇంజిన్ చెక్కు చెదరలేదు. "దీని తప్పు కాదు పాపం," అన్నాడు నాన్న, అదేదో షెడ్డు కుర్రాణ్ణి వెనకేసుకొచ్చినట్టు. ఇంజిన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి, సిగ్నల్ పిన్ను మీద మీటర్ పెట్టాం. మీటర్ అంకెలు చదవడం మా అమ్మాయి పని. వేడిగాలి నా పని. నాన్న రెండు వేళ్ళతో వైర్ల కట్టని కనెక్టర్ దగ్గర పట్టుకుని, జానెడు జానెడు వెనక్కి జరుగుతూ, మెల్లగా ఊపుతూ పోయాడు. పిల్ల చదువుతోంది: ఫోర్ నైన్... ఫోర్ నైన్... ఫోర్ నైన్...

హెడ్డు వెనకాల, చూపు ఆనని చోట, ఇనప బ్రాకెట్ ఒకటుంది. నాన్న చెయ్యి అక్కడికి వెళ్ళేసరికి, "జీరో!" అని అరిచింది పిల్ల. "ఫోర్ నైన్... జీరో! తాతయ్యా, డూ ఇట్ అగైన్!"

ఆయన మళ్ళీ చేశాడు. మళ్ళీ సున్నా. మొహం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు నేను చిన్నప్పుడు షెడ్డులో చూశాను, మొండికేసిన ఇంజిన్ ఏదైనా మొదటి పొగ వదిలినప్పుడు.

ఫోన్ లైటు వేసి చూస్తే, వైర్లని ఆ బ్రాకెట్‌కి దూరంగా పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్ విరిగిపోయి ఉంది. ఎప్పుడు విరిగిందో తెలీదు. పదిహేనేళ్ళ కారు. వైర్ల కట్ట బ్రాకెట్ అంచుకి రాసుకుని రాసుకుని, పైతొడుగు అరిగి, లోపలి వైరు తోలు కూడా పోయి, రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి కనిపించాయి. ఒకటో రెండో పోగులు మాత్రం తెగకుండా ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ పోగులు తగులుతున్నాయి. ఇంజిన్ వేడెక్కి, బరువు లాగుతూ కదిలినప్పుడు విడిపోతున్నాయి. ఇంతే జబ్బు.

బ్యాటరీ నెగటివ్ ఊడదీయడానికి పది నంబర్ స్పానర్ కావాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సెట్టులోంచి తీసి నాన్నకి అందించాను. ఆయన తీసుకోలేదు. కుడి చెయ్యి చూపించి, "నాకు నిలవట్లేదురా. నువ్వు విప్పు," అన్నాడు.

స్పానర్ పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయాను.

నాకు పదకొండేళ్ళప్పుడు, 1990 వేసవి సెలవుల్లో, అమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేల మీద పది-పదకొండు స్పానర్ ఉంది. తీసుకుని, జాకీల మీద ఎత్తిపెట్టిన లారీ కిందకి దూరి ఏదో నట్టు తిప్పబోయాను. కాలు పట్టుకుని బయటికి లాగి చెంప పగలగొట్టాడు. "ఇంకోసారి స్పానర్ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను," అన్నాడు అందరి ముందూ. జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఆ రోజు నేనొకటి అర్థం చేసుకున్నాను: ఈ పని సిగ్గుపడాల్సిన పని, మా నాన్నకే ఇదంటే చిన్నతనం, అందుకే నన్ను దగ్గరికి రానివ్వడు. ఆ తర్వాత నేను కాలేజీలోనూ, పెళ్ళిచూపుల్లోనూ, పాట్‌లక్‌లోనూ చెప్పుకున్నవన్నీ ఆ అర్థం మీద కట్టుకున్నవే.

నేను ఆగిపోవడం ఆయన చూశాడు.

"గుర్తుందా?" అన్నాడు.

"ఉంది."

"దానికి రెండ్రోజుల ముందే మన షెడ్డులో జాకీ జారింది. హెల్పర్ కుర్రాడికి రెండు వేళ్ళు పోయినయ్. వాడికి నీకంటే రెండేళ్ళు పెద్దేమో. ఇంట్లో మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆ లారీ కింద నీ కాళ్ళు కనపడేసరికి..." ఆగి, వైర్ల కేసి చూస్తూ, "కొట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

ఏమనాలో నాకు తెలియలేదు. "పోన్లే నాన్నా," అన్నాను. నట్టు ఎటు తిప్పాలో కూడా ఒక్క క్షణం తోచలేదు. "అటు కాదు, ఎడమకి," అన్నాడు.

తరవాతి పని గంటన్నర పట్టింది. చెడిన ముక్క కత్తిరించి, అదే మందం ఉన్న కొత్త వైరు ముక్క వేసి, సోల్డరింగ్ చేశాను. పైన తొడిగే ట్యూబు వైరుకి ముందే ఎక్కించాలి. అది మర్చిపోయి సోల్డరింగ్ చేసేసి, మళ్ళీ కోసి మళ్ళీ చేశాను. నాన్న పడీ పడీ నవ్వాడు. "మాస్టర్స్ డిగ్రీలో ఇది చెప్పలేదా?" అన్నాడు. ట్యూబుని హెయిర్ డ్రయర్‌తో బిగిద్దామనుకుంటే ఆ వేడి చాలలేదు. లైటర్‌తో దూరం నుంచి సెగ చూపిస్తే అతుక్కుంది. పైన వేడికి తట్టుకునే టేపు చుట్టి, కొత్త తొడుగు వేసి, బ్రాకెట్‌కి తగలకుండా కట్టని పక్కకి తప్పించి కట్టాం. మొత్తం ఖర్చు పద్నాలుగు డాలర్లు, మధ్యలో హార్డ్‌వేర్ స్టోర్‌కి పరిగెత్తినదాంతో సహా.

రీడర్ పెట్టి కోడ్ చెరిపేశాం. కోడ్ చెరిపితే చాలదు, అదొకటి గుర్తుంచుకోవాలి. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ, మా కౌంటీ లాంటి చోట్ల పొగ పరీక్ష ఇంకా ఉంది. కోడ్ చెరపగానే కారు తనని తాను పరీక్షించుకునే మానిటర్లు కూడా చెరిగిపోతాయి. కొన్ని రోజులు అన్ని రకాలుగా నడిపితే గానీ అవి మళ్ళీ పూర్తి కావు. లైటు ఆర్పేసి తిన్నగా పరీక్షకి తీసుకెళితే వెనక్కి పంపేస్తారు. నిజంగా బాగుపడితేనే పాసవుతుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

సాయంత్రం, ఎండ ఇంకా మండుతుండగానే, మళ్ళీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాం. మా అమ్మాయి మొదట నడపనంది. "నేను వెనకాలే కూర్చుంటానుగా," అన్నాడు తాతయ్య. మెకిన్నీ దాకా వెళ్ళి వచ్చాం. ఒక్క కుదుపు లేదు. ఆగస్టు చివర్లో పొగ పరీక్ష పాసయింది. సెప్టెంబర్‌లో మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది.

టిక్కెట్టు ముందుకి జరపమని నాన్న మళ్ళీ అడగలేదు. అసలు తేదీకే, అక్టోబర్‌లో, వెళ్ళాడు. వెళ్ళేముందు ఆ పాత స్నేహితులందరినీ భోజనానికి పిలిచాం. మాటల్లో ఒకాయన, తన కారుకి ఏదో సెన్సర్ మార్చినా లైటు మళ్ళీ వెలుగుతోందని చెప్పాడు.

"మా నాన్నకి చూపించండి," అన్నాను. "ఆయన మెకానిక్. ఆటోనగర్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు షెడ్డు నడిపారు."

గట్టిగానే అన్నాననుకుంటాను. ఒకరిద్దరు నాకేసి చూశారు. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఒకాయన మాత్రం "అవునా! మా మేనమామది కూడా ఆటోనగరే అంకుల్, స్ప్రింగు పట్టీల షాపు," అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. మేనమామ సంగతి ఆయనా ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న అన్నం కలుపుకుంటూ, "ముందు వైరు చూడమనండి. పార్ట్ తర్వాత," అన్నాడు.

నాకు నవంబర్‌లో ఇంకో కాంట్రాక్టు దొరికింది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఆదివారాలు నాన్న వీడియో కాల్ చేసినప్పుడు మొదట అడిగేది కారు గురించే. ఒకోసారి ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి, బానెట్ ఎత్తి, హెడ్డు వెనకాల టేపు చుట్టిన ఆ చోటు చూపిస్తాను. అక్కడ చూడ్డానికేమీ ఉండదు, నల్లటి టేపు తప్ప. ఇద్దరం కాసేపు దానికేసే చూస్తాం.